ప్రతిభకు మౌనం షరతా?

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో కైరో అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ ఒక మనిషి పుట్టిన చోటును గుర్తుచేస్తూ నిలబెట్టిన లోహ ఫలకంపై 2021లో ఎవరో తుపాకీతో కాల్పులు జరిపారు. ఆ ఫలకాన్ని పారవేయలేదు. కాన్సాస్ సిటీలోని నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియం దాన్ని తెచ్చుకుని, తూట్లతో సహా ప్రదర్శనలో ఉంచింది. ఆ ఫలకంపై ఉన్న పేరు జాకీ రాబిన్సన్. ఆయన కన్నుమూసి అప్పటికి దాదాపు అర్ధ శతాబ్దం. అంబేడ్కర్ విగ్రహాల చుట్టూ ఇనుప కటకటాలు కట్టుకోవలసిన దేశంలో పెరిగిన నాకు ఆ తూట్ల ఫోటో పరాయిదిగా అనిపించలేదు.

బేస్‌బాల్ మన ఆట కాదు. దాని నియమాలు మనలో చాలామందికి తెలియవు, తెలియవలసిన అవసరమూ లేదు. అయినా ఈ ఆటగాడి జీవితం మన విద్యార్థులు తప్పక చదవవలసినదని నేను నమ్ముతాను. కారణం ఒకటే. ఇన్నాళ్లూ మూసి ఉంచిన తలుపును ఒకరి కోసం కాస్త తెరిచినప్పుడు ఆ ఒక్కరి నుంచి వ్యవస్థ ఏమేమి వసూలు చేస్తుందో ఇంత స్పష్టంగా చూపే జీవితాలు అరుదు. రాబిన్సన్ కథను అమెరికా పాఠ్యపుస్తకాలు ఒక తీయని నీతికథగా మార్చేశాయి. మనసున్న ఒక తెల్ల యజమాని తలుపు తీశాడు, ఓర్పుగల ఒక నల్ల ఆటగాడు అవమానాలు మింగి లోపలికి నడిచాడు, దేశం మారిపోయింది. నేను చెప్పదలచింది ఆ నీతికథ కాదు.

జాక్ రూజ్‌వెల్ట్ రాబిన్సన్ 1919 జనవరి 31న పుట్టాడు. తల్లిదండ్రులు మాలీ, జెర్రీ. ఇతరుల పొలాన్ని పంటలో వాటాకు దున్నే నల్లజాతి కుటుంబం అది. బానిసత్వం చట్టరీత్యా రద్దయి అప్పటికి అర్ధ శతాబ్దం దాటినా, భూమి పాత యజమానుల చేతుల్లోనే ఉండిపోయింది. ఐదుగురు సంతానంలో జాకీ చివరివాడు. అతడు పసివాడిగా ఉండగానే తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. 1920లో మాలీ ఐదుగురు పిల్లలను వెంటబెట్టుకుని రైలెక్కి, దేశానికి ఆ కొసన కాలిఫోర్నియాలోని పాసడీనా చేరుకుంది. తెల్లవారి ఇళ్లలో పాచిపని చేసి పిల్లలను సాకింది. కొంతకాలానికి తెల్లవారుండే పెప్పర్ వీధిలో ఒక ఇల్లు సమకూర్చుకోగలిగింది. చుట్టుపక్కలవారు ఆ కుటుంబాన్ని వెళ్లగొట్టాలని సంతకాలు సేకరించారు. మాలీ కదలలేదు. రాబిన్సన్ మొండితనానికి మొదటి పాఠశాల ఆ తల్లే.

దక్షిణాది రాష్ట్రాల్లో వివక్ష బోర్డులు కట్టుకుని కనిపించేది. కాలిఫోర్నియాలో అది మర్యాద ముసుగు వేసుకుంది. పాసడీనా పురపాలక ఈతకొలనులోకి నల్లజాతి పిల్లలను వారానికి ఒక్కరోజు మాత్రమే రానిచ్చేవారు. 1927లో మహద్‌లో అంబేడ్కర్ వేలాది మందితో కలిసి చవదార్ చెరువు నీళ్లు తాగినప్పుడు జాకీకి ఎనిమిదేళ్లు. నీళ్లను మైలపరచగల మనుషులున్నారన్న నమ్మకం రెండు ఖండాల్లో ఒకేసారి చెలామణి అయింది. ఒకచోట దానికి శాస్త్రాల దన్ను ఉంది, మరోచోట రంగు సాకు ఉంది.

జాకీ అన్న మాక్ రాబిన్సన్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగులో రజత పతకం గెలిచాడు. అతడికంటే ముందు గీత దాటినవాడు జెస్సీ ఓవెన్స్. హిట్లర్ ఎదుట ఆర్య జాత్యహంకారాన్ని ఓడించారని అమెరికా వారిద్దరినీ చూసి గర్వించింది. ఇంటికి తిరిగొచ్చిన మాక్‌కు సొంత ఊరు ఇచ్చిన ఉద్యోగం వీధులు ఊడ్చే పని. ఒలింపిక్ కోటు తొడుక్కునే అతడు వీధులు ఊడ్చేవాడు. పతకం తెచ్చినవాడి చేతికి మళ్లీ చీపురే ఇచ్చే సమాజాన్ని మనకు వేరే పరిచయం చేయనక్కరలేదు.

జాకీ లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్, అథ్లెటిక్స్ నాలుగింటిలోనూ విశ్వవిద్యాలయ జట్టుకు ఆడాడు. ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో ఆ ఘనత సాధించిన తొలి విద్యార్థి అతడే. 1940లో జాతీయ కళాశాలల పోటీల్లో లాంగ్ జంప్ విజేత. ఇంతటివాడూ 1941లో పట్టా చేతికి రాకముందే చదువు మానేశాడు. ఎంత చదివినా నల్లవాడికి తగిన ఉద్యోగం రాదన్న నిరాశ ఒకవైపు, తల్లి కష్టం మరోవైపు అతడిని బయటికి నెట్టాయి. మన విశ్వవిద్యాలయాల్లో మధ్యలో చదువు ఆపేసే దళిత, ఆదివాసీ విద్యార్థుల గురించి మాట్లాడేటప్పుడు తెలివితేటల ప్రస్తావన తెచ్చేవారికి నేను ఈ ఉదాహరణ చెబుతుంటాను.

1942లో సైన్యం పిలిచింది. నల్లవారికి అధికారుల శిక్షణలో చోటు దక్కడం గగనం. బాక్సింగ్ ఛాంపియన్ జో లూయీ అదే శిబిరంలో ఉండి ఒత్తిడి తేవడంతో తలుపు తెరుచుకుంది. 1943 జనవరిలో రాబిన్సన్ సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. 1944 జులై 6న టెక్సాస్‌లోని క్యాంప్ హుడ్ వద్ద సైనిక బస్సు ఎక్కాడు. వెనక సీట్లోకి వెళ్లమని డ్రైవర్ ఆజ్ఞాపించాడు. రాబిన్సన్ లేవలేదు. సైనిక బస్సుల్లో రంగును బట్టి సీట్లు విడదీయరాదన్న ఉత్తర్వు అప్పటికే ఉందని అతడికి తెలుసు. తరువాత పిలిచి ప్రశ్నించిన తెల్ల అధికారుల ముందూ తల వంచలేదు. బస్సు సంగతి పక్కకు పోయి, పై అధికారులను ధిక్కరించాడన్న అభియోగం మీద కోర్టు మార్షల్ జరిగింది. ఆగస్టు 2న నిర్దోషిగా బయటపడ్డాడు. అలబామాలో రోజా పార్క్స్ బస్సు సీటు వదలడానికి నిరాకరించింది ఆ తరువాత 11 ఏళ్లకు. ఆటస్థలంలో మౌనంగా భరించినవాడిగా లోకం గుర్తుపెట్టుకున్న మనిషి స్వభావరీత్యా మౌని కాడు. ఇది గుర్తుంచుకోకపోతే తరువాతి కథ మొత్తం తప్పుగా అర్థమవుతుంది.

ఇక ఆట సంగతి. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో నల్లవారు ఆడకూడదని ఎక్కడా రాసి లేదు. 1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లజాతి ఆటగాడు టొలీడో జట్టు తరఫున పెద్ద లీగ్‌లోనే ఆడాడు. ఆ తరువాత కొద్ది కాలానికే యజమానుల మధ్య నోటిమాట ఒప్పందం కుదిరింది. 1880ల చివరి నుంచి 1946 దాకా, దాదాపు 60 ఏళ్లపాటు, ఆ రాయని చట్టం ఒక్క చిల్లు కూడా లేకుండా అమలైంది. అడిగితే అలాంటి నిషేధమేదీ లేదని, తగిన ప్రతిభ ఉన్నవారు దొరకడం లేదని జవాబు వచ్చేది. టీకొట్టులో రెండు గ్లాసులు పెట్టమని మన దగ్గర కూడా ఏ చట్టమూ చెప్పలేదు. రాసి లేని నియమమే అన్నిటికంటే గట్టిది. దాన్ని రద్దు చేయమని అడగడానికి అది ఉన్నట్టు ఎవరూ ఒప్పుకోరు.

గేటు బయట నిలబెట్టినవారు ఊరికే కూర్చోలేదు. 1920లో రూబ్ ఫాస్టర్ చొరవతో నీగ్రో నేషనల్ లీగ్ ఏర్పడింది. నల్లజాతి యజమానులు, నల్లజాతి మేనేజర్లు, నల్లజాతి ప్రేక్షకులు, ఆ ఆట గురించి రాసే నల్లజాతి పత్రికలు కలిసి ఒక ప్రత్యామ్నాయ లోకమే నిర్మాణమైంది. 1945లో రాబిన్సన్ నెలకు 400 డాలర్ల జీతంపై కాన్సాస్ సిటీ మోనార్క్స్ జట్టులో చేరాడు. అక్కడ అతడు షార్ట్‌స్టాప్. అంటే వజ్రాకారంలో ఉండే మైదానం లోపలి భాగంలో, రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ నడుమ కాపు కాసేవాడు. బంతి అత్యంత వేగంగా వచ్చే చోటు అది. కన్నుమూసి తెరిచేలోగా నిర్ణయం జరిగిపోవాలి.

తలుపు ఎలా తెరుచుకుంది? నీతికథ ఇక్కడ బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు అధినేత బ్రాంచ్ రికీ ఔదార్యాన్ని చూపిస్తుంది. రికీ సాహసాన్ని నేను కాదనను. కానీ ఆ తలుపును బయటి నుంచి ఏళ్ల తరబడి బాదినవారి పేర్లు కథలో ఉండవు. పిట్స్‌బర్గ్ కొరియర్ పత్రికలో వెండెల్ స్మిత్, మరో నల్లజాతి పాత్రికేయుడు శామ్ లేసీ, కమ్యూనిస్టు పత్రిక డెయిలీ వర్కర్‌లో లెస్టర్ రాడ్నీ ఏళ్లపాటు ఈ నిషేధంపై కలంతో పోరాడారు. 1943 డిసెంబరులో గాయకుడు, నటుడు పాల్ రోబ్సన్ స్వయంగా జట్ల యజమానుల సమావేశానికి వెళ్లి ఈ వివక్షను అంతం చేయమని వాదించాడు. 1945లో న్యూయార్క్ రాష్ట్రం ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. ఫాసిజంపై యుద్ధం నుంచి తిరిగొచ్చిన నల్ల సైనికులు తమ దేశంలో ఫాసిజం సంగతేమిటని అడుగుతున్నారు. నల్లజాతి ప్రేక్షకులు టికెట్ల రూపంలో తెచ్చే రాబడి కూడా రికీ లెక్కలో ఉంది. ఉద్యమం, చట్టం, మార్కెట్ కలిసి తోసిన తలుపు అది. ఘనతను ఒక్క చేతికి రాసిస్తే మిగిలిన చేతులు చరిత్ర నుంచి జారిపోతాయి.

1945 ఆగస్టు 28న బ్రూక్లిన్‌లో రికీ కార్యాలయంలో ఇద్దరూ కలిశారు. దాదాపు మూడు గంటలు. మైదానంలో, హోటల్‌లో, రైల్లో తెల్లవారు ఎలాంటి తిట్లు తిడతారో రికీ స్వయంగా నటించి చూపించాడు. ఒకే షరతు పెట్టాడు. ఎవరేమన్నా తిరిగి మాట అనకూడదు, చెయ్యి ఎత్తకూడదు. ఎదురు తిరిగే ధైర్యం కంటే ఎదురు తిరగకుండా ఉండే ధైర్యం తనకు కావాలన్నది ఆయన వాదన. బస్సులో సీటు వదలని లెఫ్టినెంట్ ఆ షరతుకు ఒప్పుకున్నాడు. అది తనకోసం ఒప్పుకున్నది కాదు. తాను ఓడితే తన జాతి మొత్తం ఓడినట్టు లెక్కవేస్తారని అతడికి తెలుసు. తెల్ల ఆటగాడు విఫలమైతే ఒక మనిషి విఫలమవుతాడు, నల్ల ఆటగాడు విఫలమైతే జాతి విఫలమవుతుంది. రిజర్వేషన్ సీటులో చేరి మొదటి సెమిస్టర్‌లో ఒక పేపరు తప్పిన విద్యార్థికి ఈ లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు.

అక్టోబరు 23న మాంట్రియల్ రాయల్స్‌తో ఒప్పందం బహిరంగమైంది. డాడ్జర్స్ కింద ఉన్న రెండో శ్రేణి జట్టు అది. 1946 ఫిబ్రవరిలో రేచల్ ఐసమ్‌ను పెళ్లాడి, కొద్ది రోజులకే శిక్షణ కోసం ఫ్లోరిడా బయల్దేరాడు. దారిలో విమానం నుంచి ఆ నవదంపతులను దించేసి ఆ సీట్లు తెల్లవారికి ఇచ్చారు. శాన్‌ఫర్డ్ పట్టణం రాత్రికి రాత్రి ఖాళీ చేయించింది. జాక్సన్‌విల్లో అతడు ఆడతాడని స్టేడియం గేట్లకు తాళాలు వేశారు. ఏప్రిల్ 18న జెర్సీ సిటీలో తొలి అధికారిక మ్యాచ్. ఐదుసార్లు బ్యాటింగ్‌కు వచ్చి నాలుగు హిట్లు కొట్టాడు. అందులో ఒకటి హోమ్‌రన్. ఆ సీజన్ ముగిసేసరికి 0.349 సగటుతో లీగ్ అగ్రస్థానం. జట్టు ఛాంపియన్. మాంట్రియల్ వీధుల్లో జనం ఆనందంతో వెంటపడ్డారు. తెల్లవారి గుంపు నల్లవాడి వెంట అభిమానంతో పరిగెత్తడం అమెరికాకు కొత్త దృశ్యం.

1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్‌లో, 42వ నంబరు చొక్కాతో, ఫస్ట్ బేస్ దగ్గర రాబిన్సన్ నిలబడ్డాడు. వయసు 28. మేజర్ లీగ్‌లో తొలిసారి అడుగుపెట్టేవారికి అది ఎక్కువ వయసే. అంతకుముందు గడిచిన ఏళ్లను అతడికి ఎవరూ తిరిగివ్వలేదు. మైదానానికి 25,000 మందికి పైగా వచ్చారు. వారిలో సగానికి మించి నల్లవారే. అంతకు కొన్ని వారాల ముందు సొంత జట్టులోని కొందరు అతడితో ఆడబోమంటూ విజ్ఞాపన తయారుచేయబోయారు. మేనేజర్ లియో డ్యురోషర్ దాన్ని మొగ్గలోనే తుంచాడు. ఏప్రిల్ 22న ఫిలడెల్ఫియా జట్టు మేనేజర్ బెన్ చాప్‌మన్ తన ఆటగాళ్లతో కలిసి ఇన్నింగ్స్ తరువాత ఇన్నింగ్స్ అతడి పుట్టుకను, రంగును తిడుతూనే ఉన్నాడు. ఆ రోజు అన్నిటినీ వదిలి అతడి మీద పడాలనిపించిందని, తాను మనిషిగా కుప్పకూలడానికి అంత దగ్గరగా మరెప్పుడూ రాలేదని రాబిన్సన్ తరువాత తన ఆత్మకథలో రాసుకున్నాడు. కొద్ది వారాల తరువాత, పత్రికల విమర్శలను చల్లార్చడానికి, అదే చాప్‌మన్ పక్కన నిలబడి ఫోటోకు పోజివ్వవలసి వచ్చింది. ఇద్దరూ ఒకే బ్యాటు పట్టుకున్నారు. తిట్టినవాడి పరువు కాపాడే పని కూడా తిట్లు తిన్నవాడిదే అయింది. గ్రామాల్లో అత్యాచారాల కేసుల్లో రాజీ పేరుతో జరిగే తంతు చూసినవారికి ఆ ఫోటో అర్థమవుతుంది.

చంపుతామని లేఖలు వచ్చాయి. పిచ్చర్లు తలకు గురిపెట్టి బంతులు విసిరారు. బేస్ దగ్గర కాళ్లపై మేకుల బూట్లు దించారు. ఫిలడెల్ఫియాలో జట్టు దిగవలసిన హోటల్ అతడికి చోటివ్వనంది. ఆ ఏడాది అతడు 151 మ్యాచ్‌లు ఆడాడు, 0.297 సగటు, 125 పరుగులు, లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 29 బేస్ చౌర్యాలు. పిచ్చర్ బంతి విసిరే క్షణాన్ని పసిగట్టి, బంతి కంటే ముందు తరువాతి బేస్‌కు దూసుకుపోవడమే బేస్ చౌర్యం. ఆ ఏడాదే మొదలుపెట్టిన ఉత్తమ నూతన ఆటగాడి పురస్కారం అతడికి దక్కింది. నేడు ఆ పురస్కారానికి ఆయన పేరే పెట్టారు.

1948 నుంచి అతడు తన అసలు స్థానానికి, రెండో బేస్‌కు మారాడు. 1949లో 0.342 సగటు, 37 చౌర్యాలు, లీగ్ అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం. పదేళ్లలో ఆరు వరల్డ్ సిరీస్‌లు. 1955లో యాంకీస్‌పై గెలిచి బ్రూక్లిన్ తొలిసారి ప్రపంచ విజేత అయినప్పుడు, మొదటి మ్యాచ్‌లో 36 ఏళ్ల రాబిన్సన్ హోమ్ ప్లేట్‌నే దొంగిలించాడు. ఆటలో అన్నిటికంటే కష్టమైన, సాహసమైన పరుగు అది. అంకెల గురించి నేను ఇంత రాస్తున్నది ప్రతిభ అనే మాట కోసమే. 60 ఏళ్లు తగినవారు దొరకలేదన్న వాదన ఒక్క సీజన్‌లో కూలిపోయింది. తలుపు మూసి ఉన్నప్పుడు లోపలివారు పెట్టుకున్న రికార్డులన్నీ దేశంలోని మేటి ఆటగాళ్లలో ఎందరినో మినహాయించి పెట్టుకున్నవి. పోటీని కుదించి గెలిచినవారు దాన్ని ప్రతిభ అని పిలుచుకున్నారు.

1949 నాటికి మౌన వ్రతం ముగిసింది. అంపైర్లతో వాదించాడు, తిట్టినవారికి బదులిచ్చాడు, హోటళ్ల వివక్షను ప్రశ్నించాడు. నిన్నటి దాకా ఓర్పుకు ప్రతిరూపమని పొగిడిన పత్రికలే అతడిని తలబిరుసు అనీ, కృతజ్ఞత లేనివాడనీ రాశాయి. తెల్ల ఆటగాడి కోపం పోటీతత్వం, నల్ల ఆటగాడి కోపం అహంకారం. రాబిన్సన్ మారలేదు. తొలి రెండేళ్లు నటించిన పాత్రను వదిలి తానుగా నిలబడ్డాడు. సమాజానికి నచ్చినది ఆ పాత్రే తప్ప ఆ మనిషి కాదు.

అదే 1949 జులైలో అతడి జీవితంలోని అతి క్లిష్టమైన ఘట్టం జరిగింది. కమ్యూనిస్టు వేట సాగిస్తున్న చట్టసభ కమిటీ రాబిన్సన్‌ను పిలిపించి పాల్ రోబ్సన్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పించింది. ఆరేళ్ల కిందట నల్ల ఆటగాళ్ల కోసం యజమానుల ముందు నిలబడిన మనిషి రోబ్సన్. ఆ నిషేధం తొలగి లోపలికి వచ్చిన మొదటివాడు రాబిన్సన్. వ్యవస్థ ఆ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టింది. రాబిన్సన్ తన ప్రకటనలో అమెరికా జాతి వివక్షను గట్టిగానే ఖండించాడు. కమ్యూనిస్టులు చెబుతున్నంత మాత్రాన వివక్ష అబద్ధమైపోదన్నాడు. పత్రికలు ఆ భాగాన్ని వెనక్కు నెట్టి, రోబ్సన్‌ను తప్పుపట్టిన భాగాన్నే పతాక శీర్షికలు చేశాయి. మరుసటి ఏడాది రోబ్సన్ పాస్‌పోర్టును ప్రభుత్వం రద్దు చేసింది. చివరి రోజుల్లో రాబిన్సన్ తన ఆత్మకథలో, వయసు పెరిగిన కొద్దీ అమెరికా విధ్వంసక స్వభావం తనకు తెలిసివచ్చిందని, రోబ్సన్ త్యాగం పట్ల తన గౌరవం పెరిగిందని ఒప్పుకున్నాడు. అణగారిన వర్గాల నుంచి ఎదిగినవారిని ఆ వర్గాల పోరాటకారుల మీదికే ఉసిగొల్పే విద్య ఎంత పాతదో ఈ ఘట్టం చెబుతుంది. తన తప్పును అచ్చులో ఒప్పుకున్న నిజాయితీ మాత్రం అరుదు.

ఇంకొక నష్టం గురించి తక్కువగా మాట్లాడతారు. రాబిన్సన్‌ను తీసుకున్నందుకు రికీ మోనార్క్స్ జట్టుకు ఒక్క డాలరు కూడా చెల్లించలేదు. తరువాత ఒక్కొక్కరుగా మేటి నల్ల ఆటగాళ్లు పెద్ద లీగ్‌కు వెళ్లారు, వారి వెంట ప్రేక్షకులూ వెళ్లారు. 1948 సీజన్ తరువాత నీగ్రో నేషనల్ లీగ్ మూతపడింది. ఆటగాళ్లకు చోటు దొరికింది, కానీ నల్లజాతి మేనేజర్లకు, యజమానులకు, సిబ్బందికి చోటు దొరకలేదు. తెల్ల వ్యవస్థ నల్లవారి ప్రతిభను తీసుకుని, వారి సంస్థలను బయటే వదిలేసింది. వివక్ష అంతం కావాలి, అందులో సందేహం లేదు. కానీ ప్రవేశం వేరు, అధికారంలో వాటా వేరు. రాజ్యాధికారం గురించి అంబేడ్కర్ ఎందుకు అంతగా పట్టుబట్టాడో ఈ లీగ్ మరణం ఒక ఆట భాషలో వివరిస్తుంది.

ఇక్కడ మన దేశపు ఆటగాడు పల్వంకర్ బాలూ గుర్తుకు రాకుండా ఉండడు. 1876లో చమార్ కుటుంబంలో పుట్టిన ఈ ఎడమచేతి స్పిన్నర్ 1911 ఇంగ్లండ్ పర్యటనలో వంద వికెట్లకు పైగా తీశాడు. మైదానంలో అతడు విసిరిన బంతిని సవర్ణులు ముట్టుకునేవారు. టీ విరామంలో అతడికి మాత్రం పెవిలియన్ బయట మట్టిపాత్రలో టీ పోసేవారు. హిందూ జట్టుకు కెప్టెన్సీ అతడికి దక్కలేదు. 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కింది, అదీ పోరాడిన తరువాతే. అమెరికాలో రాబిన్సన్ పేరు ప్రతి బడిపిల్లవాడికీ తెలుసు. క్రికెట్‌ను మతంగా కొలిచే మన దేశంలో బాలూ పేరు ఎంతమందికి తెలుసు? 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాసి, రెండు జాతుల స్థితిలోని పోలికను ప్రస్తావించాడు. రాబిన్సన్ మాంట్రియల్‌కు ఆడిన ఏడాది అదే. ఆ పోలిక మనం ఈరోజు కల్పించుకున్నది కాదు.

1956 డిసెంబరులో డాడ్జర్స్ అతడిని ప్రత్యర్థి జట్టు న్యూయార్క్ జెయింట్స్‌కు అమ్మేసింది. అతడు వెళ్లలేదు, ఆటకే వీడ్కోలు పలికాడు. ఒక కాఫీ సంస్థలో ఉపాధ్యక్షుడయ్యాడు. పౌరహక్కుల సంఘాల కోసం ఊరూరా తిరిగి నిధులు సేకరించాడు. 1963లో తన ఇంటి ఆవరణలో జాజ్ కచేరీ పెట్టి, జైళ్లలో ఉన్న ఉద్యమకారుల బెయిలు కోసం డబ్బు కూడగట్టాడు. హార్లెమ్‌లో నల్లవారికి అప్పులివ్వడానికి ఫ్రీడమ్ నేషనల్ బ్యాంకు స్థాపకుల్లో ఒకడయ్యాడు. ఓటూ, డబ్బూ రెండూ చేతిలో ఉంటేనే సమానత్వం నిలుస్తుందన్నది అతడి అవగాహన. రాజకీయాల్లో తప్పటడుగులూ ఉన్నాయి. 1960లో నిక్సన్‌కు మద్దతిచ్చాడు. మార్టిన్ లూథర్ కింగ్‌ను జైల్లో పెట్టినప్పుడు నోరు విప్పమని నిక్సన్‌ను అడిగి భంగపడ్డాడు. 1964లో రిపబ్లికన్ పార్టీ మహాసభలో గోల్డ్‌వాటర్ అనుచరుల మధ్య నిలబడి, ఆ పార్టీలో నల్లవాడి స్థానమేమిటో కళ్లారా చూశాడు. రెండు పార్టీల్లోనూ నల్లవారి గొంతు ఉండాలన్న వ్యూహం కాగితంపై బాగుంది, ఆచరణలో అతడిని ఒంటరిని చేసింది.

ఇంట్లో విషాదం చోటుచేసుకుంది. పెద్దకొడుకు వియత్నాం యుద్ధంలో గాయపడి, మత్తుమందులకు బానిసై, కోలుకుని, ఇతరులను ఆ ఊబి నుంచి తీసే పనిలో ఉండగా 1971లో కారు ప్రమాదంలో మరణించాడు. రాబిన్సన్‌ను మధుమేహం, గుండెజబ్బు కుంగదీశాయి. చూపు దాదాపు పోయింది. 1972 అక్టోబరు 15న సిన్సినాటిలో వరల్డ్ సిరీస్ మ్యాచ్‌కు ముందు, పాతికేళ్ల సందర్భంగా అతడిని సన్మానించారు. మర్యాదకు కృతజ్ఞతలు చెప్పి ఊరుకోలేదు. మూడో బేస్ పక్కన నిలబడి ఆట నడిపే నల్లజాతి మేనేజర్‌ను చూసిన రోజున తన గర్వం ఇంకా ఎక్కువవుతుందని ఆ వేదికపైనే చెప్పాడు. తొమ్మిది రోజులకు, అక్టోబరు 24న, 53 ఏళ్ల వయసులో మరణించాడు. తొలి నల్లజాతి మేనేజర్ 1975లో వచ్చాడు. ఆయన ఇంటిపేరు కూడా రాబిన్సనే, ఫ్రాంక్ రాబిన్సన్. 1972లో వెలువడిన ఆత్మకథలో జాకీ, జాతీయగీతానికి లేచి నిలబడలేకపోతున్నానని, తెల్లవారి లోకంలో తాను ఇప్పటికీ నల్లవాడినేనని రాసి వెళ్లాడు. విజయగాథగా చెప్పే జీవితానికి ఆ మనిషి స్వయంగా పెట్టుకున్న ముగింపు అది.

1997లో అన్ని జట్లూ కలిసి 42వ నంబరును శాశ్వతంగా పక్కన పెట్టాయి. ఏటా ఏప్రిల్ 15న ఆటగాళ్లందరూ ఆ ఒక్క నంబరునే ధరిస్తారు. అదే లీగ్‌లో 2023 నాటికి నల్లజాతి అమెరికన్ ఆటగాళ్ల వాటా దాదాపు 6 శాతం. 2022 వరల్డ్ సిరీస్‌లో అమెరికాలో పుట్టిన నల్ల ఆటగాడు రెండు జట్లలో ఒక్కడూ లేడు. 2025 మార్చిలో అమెరికా రక్షణ శాఖ వెబ్‌సైట్ నుంచి రాబిన్సన్ సైనిక జీవితం గురించిన పేజీ మాయమై, నిరసనలు వచ్చాక మళ్లీ కనిపించింది. విగ్రహం పెట్టడం, దండ వేయడం, స్ఫూర్తిని తొలగించడం ఒకే చేతులు చేయగల పనులని మనకు ఏప్రిల్ 14 జయంతి సభలు ప్రతి ఏడాదీ నేర్పుతూనే ఉన్నాయి.

విశ్వవిద్యాలయాల్లో, కార్యాలయాల్లో, చట్టసభల్లో మన వాడల నుంచి వెళ్లిన మొదటి తరం ఈరోజు కూర్చుని ఉంది. సీటు దొరికినందుకు సర్దుకుపొమ్మని, గొంతు పెంచవద్దని, కృతజ్ఞతగా ఉండమని వారికి హితవు చెప్పేవారు చాలామంది. వారిలో మనవారూ ఉన్నారు. రాబిన్సన్ రెండేళ్లు ఆ మౌనాన్ని భరించింది తరువాత వచ్చేవారు భరించకుండా ఉండాలని. ఆ మౌనాన్ని ఆదర్శంగా చూపి మళ్లీ మనకు అంటగట్టడం ఆయనకు చేసే అన్యాయం. ఆయన నుంచి నేర్చుకోవలసింది ఓర్పు ఒక్కటే అయితే, టెక్సాస్ బస్సులో లేవని లెఫ్టినెంట్‌నూ, సన్మాన వేదికపై మేనేజర్ కుర్చీ ఏదని అడిగిన చూపుపోయిన వృద్ధ యోధుడినీ మరిచిపోవలసి వస్తుంది. లోపల చోటు దొరికినవారు జట్టును ఎంపిక చేసే గదిలో ఎవరున్నారని అడగాలి. ఆ గదిలో మనవారు కూర్చునేదాకా అడుగుతూనే ఉండాలి.